వంశావళిలో ఒక్కసారి వినిపించే పేర్లు

ఈ పాఠం మొదలుపెట్టేముందు మీ ఇంట్లో ఒక కాగితం కోసం వెతకండి. తాతగారో తండ్రిగారో పోయాక భూమి పేరు మార్పిడికి, మా వైపు మాటల్లో చెప్పాలంటే విరాసత్‌కు, దరఖాస్తు పెట్టి ఉంటారు. దానితో పాటు ఒక వంశవృక్షం కూడా గీసి ఇచ్చి ఉంటారు. పైన ఒక పేరు, దాని కింద గీతలు, గీతల చివర కొడుకుల పేర్లు, వారి కింద మనుమల పేర్లు. ఆ కాగితం దొరికితే దాన్ని వారసుడిగా కాక చరిత్ర విద్యార్థిగా చదవండి. అందులో ఎవరున్నారో ఒక నిమిషంలో తెలుస్తుంది. ఎవరు లేరో తెలియాలంటే మాత్రం మీ నాయనమ్మను అడగాలి.

బాన్సువాడలో మీవంటి విద్యార్థులకు ఆదివారం తరగతులు చెప్పేటప్పుడు నేను మొదటి రోజే ఈ పని అప్పగిస్తాను. మరుసటి వారం తెచ్చిన వంశవృక్షాలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. చిన్నప్పుడే పోయిన బాబాయి ఉండడు. సంతానం లేని పెద్దనాన్న ఉండడు. మేనత్తలు అసలే ఉండరు. "వాళ్ళు పెళ్ళయి వెళ్ళిపోయారు కదా సార్" అంటారు. అబద్ధం రాశారని నేను అనను. ఆ కాగితం ఒక పని కోసం పుట్టింది. ఆ పనికి అక్కరలేని మనుషులు అందులోంచి జారిపోయారు.

ప్రాచీన కాలపు వంశావళులూ ఇలాగే పుట్టాయి. వాటిని మనం సాధారణంగా రాజుల వరుస తేల్చుకోవడానికి చదువుతాం. పరీక్షలో అడిగేది కూడా అదే. అయితే ఆ వరుసల మధ్యలో ఒకే ఒక్కసారి వినిపించి మాయమయ్యే పేర్లుంటాయి. ఆ పేరు గలవారు ఏ యుద్ధమూ చేయలేదు, ఏ గుడీ కట్టించలేదు. మరి వారిని ఎందుకు రాశారు? ఒకచోట రాసినవారిని మరోచోట ఎందుకు వదిలేశారు? ఈ రెండు ప్రశ్నలూ మీకు అలవాటు కావాలన్నదే ఈ పాఠం ఉద్దేశం. ఉదాహరణలు రెండు చోట్ల నుంచి తీసుకుంటున్నాను. ఒకటి ప్రాచీన ఇశ్రాయేలు, రెండోది మన తెలంగాణ. ఇశ్రాయేలుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. చిన్న పేర్లు అంత విస్తారంగా, అంత పట్టుదలగా రాసిపెట్టిన ప్రాచీన సమాజాలు చాలా తక్కువ.

తొమ్మిది అధ్యాయాల పేర్లు

బైబిలు పాత నిబంధనలో దినవృత్తాంతములు అనే గ్రంథం ఉంది. దాని మొదటి భాగంలో తొలి తొమ్మిది అధ్యాయాలు దాదాపు పూర్తిగా పేర్లే. చర్చికి వెళ్ళే నా విద్యార్థులు కూడా ఆ పేజీలు తిప్పేస్తామని నవ్వుతూ ఒప్పుకున్నారు. మధ్యలో యబ్బేజు అనే ఒకాయన గురించి రెండు వాక్యాల కథ, ఒక ప్రార్థన వస్తాయి కనుక అక్కడ మాత్రం ఆగుతారట. మనం తిప్పేసిన పేజీల దగ్గరే ఆగుదాం.

మొదట కాలం తెలుసుకోవాలి. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేమును, అందులోని దేవాలయాన్ని నాశనం చేసింది. పెద్ద కుటుంబాలను బబులోనుకు తరలించుకుపోయింది. క్రీ.పూ. 539లో పారసీక చక్రవర్తి సైరస్ బబులోనును గెలిచాక ఆ కుటుంబాల వారసులలో కొందరు తిరిగి వచ్చారు. దినవృత్తాంతముల గ్రంథం ఆ పారసీకుల కాలంలో, బహుశా క్రీ.పూ. 4వ శతాబ్దంలో, ఇప్పుడున్న రూపానికి వచ్చిందని పండితులు ఎక్కువమంది భావిస్తారు. రెండు మూడు తరాలు పరాయి దేశంలో గడిపి ఊరికి తిరిగివచ్చిన కుటుంబానికి ఏం కావాలో ఆలోచించండి. ఫలానా ఊళ్ళో ఫలానా పొలం మాది అనడానికి ఆధారం కావాలి. దేవాలయంలో యాజకులుగా ఉండడానికి, అంటే అక్కడి నైవేద్యాల మీద బతకడానికి, మేము ఫలానా వంశంవారమనే రుజువు కావాలి. తాతల పేర్లు ఆ ఇంటికి పట్టా కాగితంలాంటివి.

ఇది ఊహ కాదు. ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో తిరిగివచ్చినవారి జాబితా ఉంది. అందులో హబాయా, హక్కోజు, బర్జిల్లయి అనే మూడు ఇళ్ళవారు తమ పేర్లు వంశావళుల్లో వెతుక్కున్నారనీ, అవి దొరకలేదనీ, అందువల్ల వారిని యాజకత్వం నుంచి తొలగించారనీ రాసి ఉంది. బర్జిల్లయి ఇంటివారి విషయంలో ఒక చిన్న వివరణ కూడా ఉంది. వారి పూర్వీకుడు గిలాదు ప్రాంతపు బర్జిల్లయి కూతుళ్ళలో ఒకరిని పెళ్ళాడి, మామగారి ఇంటిపేరే పెట్టుకున్నాడట. మన ఇల్లరికం అల్లుడన్నమాట. ఇంటిపేరు మారడంతో తండ్రి వైపు తాడు తెగింది, పదవి పోయింది.

హక్కోజు కథ ఇంకా ఆసక్తికరం. పేరు దొరకక తొలగించబడ్డ ఈ ఇంటి పేరు మరో రెండు చోట్ల కనిపిస్తుంది. నెహెమ్యా గ్రంథంలో యెరూషలేము గోడ బాగుచేసినవారిలో మెరేమోతు అనే ఆయన ఉన్నాడు. ఆయన ఊరియా కుమారుడు, హక్కోజు మనుమడు. ఎజ్రా గ్రంథంలోనే తర్వాత ఒకచోట, దేవాలయానికి తెచ్చిన వెండి బంగారాలను తూచి అప్పగించింది యాజకుడైన ఊరియా కుమారుడు మెరేమోతు చేతికే. ఇక దినవృత్తాంతముల్లో యాజకులను ఇరవైనాలుగు వంతులుగా విభజించి రాసిన జాబితాలో ఏడో వంతు హక్కోజుది. ఆ జాబితా దావీదు కాలానిదని గ్రంథం చెబుతుంది. ఒకే పేరుతో రెండు ఇళ్ళు ఉండే అవకాశాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. అయినా చాలామంది పరిశోధకులు ఇక్కడ ఒకే ఇంటిని చూస్తున్నారు. ఎక్కడో మధ్యలో వారి దావా నెగ్గింది. నెగ్గాక వారి పేరు పాత జాబితాలో కుదురుగా ఏడో స్థానంలో కూర్చుంది. నన్నడిగితే ఈ అభిప్రాయమే సబబు. బయట నిలబెట్టిన ఇంటివారి చేతికి దేవాలయపు వెండి తూచి ఇవ్వరు కదా.

మరో చిన్న పేరు చూడండి. యూదా గోత్రంలో షేషాను అనే ఆయనకు కొడుకులు లేరు, కూతుళ్ళే. ఆయన దగ్గర యర్హా అనే ఐగుప్తు దేశపు దాసుడు ఉండేవాడు. షేషాను తన కూతురిని అతనికిచ్చి పెళ్ళి చేశాడు. వారి కొడుకు అత్తయి. అక్కడి నుంచి ఎలీషామా వరకు వరుసగా పదమూడు తరాల పేర్లు ఉన్నాయి. ఎలీషామా ఎవరో, ఆయన ఏం చేశాడో ఏమీ రాయలేదు. అయినా పదమూడు తరాలు ఎవరో లెక్కపెట్టి గుర్తుంచుకున్నారంటే, ఆ చివరి పేరుగల ఇంటికి ఆ మొదటి పేరు చాలా అవసరమైందని అర్థం. ఇంకో సంగతి గమనించండి. ఇదే అధ్యాయంలో మూడు వాక్యాల పైన షేషానుకు అహ్లయి అనే కుమారుడు ఉన్నట్లు ఉంది. కింద కొడుకులు లేరని ఉంది. గ్రంథకర్త రెండు వేర్వేరు ఆధారాలను పక్కపక్కన పెట్టి, రెంటినీ సరిచేయకుండా వదిలాడని నాకనిపిస్తుంది. చరిత్రకారుడికి ఇలాంటి అతుకు దొరకడం అదృష్టం. అంతా ఇస్త్రీ చేసినట్లు ఉన్న వంశావళినే ఎక్కువ అనుమానించాలి.

ఊరు మనిషైన వైనం

ఈ జాబితాలలో "ఫలానా ఆయన బేత్లెహేముకు తండ్రి" అనే తీరు వాక్యాలు కొన్ని కనిపిస్తాయి. బేత్లెహేము ఊరు. ఊరికి తండ్రి ఏమిటి? ఆ ఊళ్ళో మొదట స్థిరపడిన వంశానికి మూలపురుషుడని అర్థం చేసుకోవాలి. అంటే ఇక్కడ వంశావళి సగం కుటుంబ వృక్షం, సగం భూగోళం. కొన్నిచోట్ల వృత్తులు కూడా ఉన్నాయి. ఒక ఇంటివారు సన్నని నారబట్టలు నేసేవారు, మరొకరు రాజుగారి పనిలో ఉన్న కుమ్మరులు. ప్రాచీన కాలపు చేతివృత్తులవారి గురించి రాసే పరిశోధకుడికి ఈ రెండు ముక్కలు రాజుల యుద్ధాలకంటే విలువైనవి.

దీనికి గట్టి రుజువు 1910లో మట్టిలోంచి వచ్చింది. ఉత్తర ఇశ్రాయేలు రాజ్యానికి రాజధాని అయిన షోమ్రోనులో, అంటే సమరయలో, హార్వర్డ్ విశ్వవిద్యాలయం తరఫున రీస్నర్ నాయకత్వంలో తవ్వకాలు జరిగాయి. అక్కడ సిరాతో రాసిన కుండపెంకులు దొరికాయి. క్రీ.పూ. 8వ శతాబ్దం నాటివి. ఫలానా సంవత్సరం, ఫలానా చోటునుంచి, ఫలానా వారికి, పాత ద్రాక్షారసం ఒక కూజా, లేదా నూనె ఒక కూజా అనే చిట్టా రాతలు. రాసినవారికి చరిత్ర రాస్తున్నామన్న ధ్యాస ఏమాత్రం లేదు. కోమటి కొట్టులో ఖాతా రాసినట్లు రాశారు.

ఆ పెంకుల మీది స్థలాల పేర్లలో అబీయెజెరు, హెలెకు, షెమీదా, అశ్రీయేలు, షెకెము ఉన్నాయి. ఇవన్నీ సంఖ్యాకాండములో మనష్షే గోత్రపు మనుషుల పేర్లుగా మనం చదివినవే. ఇంకా విశేషం, నోయా, హొగ్లా అనే పేర్లు కూడా ఉన్నాయి. ఈ ఇద్దరూ సెలోపెహాదు అనే ఆయన కూతుళ్ళుగా బైబిలు వంశావళిలో కనిపించే స్త్రీలు.

సెలోపెహాదుకు ఐదుగురు కూతుళ్ళు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. కొడుకులు లేరు. కొడుకులు లేనంత మాత్రాన మా తండ్రి పేరు అతని వంశంలోంచి ఎందుకు పోవాలి, మాకు భూమి ఇవ్వండి అని ఆ ఐదుగురు మోషే ముందు నిలబడి అడిగినట్లు సంఖ్యాకాండములో ఉంది. వారి మాట న్యాయమని తీర్పు వచ్చింది. కొడుకు లేని చోట కూతురికి ఆస్తి వెళ్ళాలనే నియమం ఏర్పడింది. గ్రంథం చివరి అధ్యాయంలో మాత్రం గోత్రపెద్దలు వచ్చి అభ్యంతరం చెప్పారు. వీరు వేరే గోత్రంలో పెళ్ళి చేసుకుంటే భూమి ఆ గోత్రానికి పోతుంది కదా అన్నారు. అప్పుడు తండ్రి గోత్రంలోనే పెళ్ళి చేసుకోవాలనే షరతు చేరింది.

పెంకులు దొరికాక ఈ కథను ఎలా చదవాలి? నోయా, హొగ్లా ప్రాంతాల పేర్లని రుజువైంది. తిర్సా కూడా సమరయకంటే ముందు ఉత్తర రాజ్యానికి రాజధానిగా ఉన్న పట్టణం. కాబట్టి ఆ ఐదుగురు స్త్రీలు కల్పితమని కొట్టిపారేయాలా? అంత తొందర వద్దు. ఊళ్ళకు మనుషుల పేర్లు రావడమూ ఉంది, ఊళ్ళ పేర్లను మనుషులుగా చెప్పుకోవడమూ ఉంది. మనకు నిశ్చయంగా తెలిసింది ఇంతవరకే: మనష్షే కొండల్లో స్త్రీల పేర్లతో వ్యవహరించే భూభాగాలు నిజంగా ఉండేవి, వాటికి భూమి హక్కు ఎలా వచ్చిందో చెప్పే ఒక కథ ఆ జనానికి కావలసివచ్చింది. వంశావళిలోని ఒక చిన్న పేరును దానితో సంబంధం లేని మరో పత్రంతో పోల్చి చూడడం అంటే ఇదే.

ఇదే జాబితాలలో ఆషేరు కూతురు శెరహు పేరు మూడు గ్రంథాల్లో వస్తుంది. అన్నదమ్ముల పేర్ల చివర ఆమె పేరు. ఎందుకు రాశారో ఒక్క ముక్క లేదు. తరువాతి యూదుల పురాణగాథలు ఆ ఖాళీని భరించలేక, ఆమె యాకోబు కాలం నుంచి మోషే కాలం వరకు బతికిందని కథలు అల్లాయి. ఎఫ్రాయిము వంశంలో షెయెరా అనే స్త్రీ బేత్‌హోరోను అనే జంట ఊళ్ళను కట్టించినట్లు ఒకే వాక్యం ఉంది. ఊరు కట్టించిన స్త్రీ గురించి ఒకే వాక్యం! మన దగ్గర చెరువు తవ్వించిన స్త్రీలు ఉన్నారు, వారి శాసనాలూ ఉన్నాయి. అలాంటి ఒక శాసనం దగ్గరకే ఇప్పుడు వెళదాం.

బయ్యారం చెరువు, మాంగల్లు రాగిరేకులు

ముందుగా మా ఊరి పరిసరాల గురించి ఒక మాట. బాన్సువాడకు దగ్గరి బోధన్ ఒకప్పటి పోదన. వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని అదేనని చదివే ఉంటారు. 966 నాటి పర్భణి తామ్రశాసనం వేములవాడలోని ఒక జైన ఆలయానికి, సోమదేవసూరి అనే ఆచార్యుడికి సంబంధించిన దానశాసనం. దాని మొదట్లో ఈ వంశపు వరుస ఉంది. తొలి యుద్ధమల్లుడు పోదనలో నూనె నింపిన బావులలో ఏనుగులకు స్నానం చేయించాడన్న గొప్ప ఈ వంశంవారి ప్రశస్తిలోదే. మధ్య తరాలవారిలో కొందరికి అలాంటి ఒక్క వర్ణనైనా గట్టిగా దక్కలేదు. ఈ వంశంలో యుద్ధమల్లుడు, అరికేసరి, నరసింహుడు, బద్దెగ అనే పేర్లే తిరిగి తిరిగి వస్తాయి. తాత పేరు మనుమడికి పెట్టే ఆచారం మనకు కొత్త కాదు. చరిత్రకారుడికి మాత్రం అది తలనొప్పి. ఒకే పేరు మూడుసార్లు వచ్చినప్పుడు లేఖకుడి చూపు ఒక వరుస దాటితే ఒక తరమే పోతుంది.

ఇక కాకతీయులు. గణపతిదేవుని సోదరి మైలాంబ నతవాడి రుద్రుని భార్య. ఆమె తవ్వించిన బయ్యారం చెరువు ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఆ చెరువు శాసనం కాకతీయుల తొలి తరాలను మనకు చెబుతుంది. దుర్జయ వంశంలో పుట్టిన వెన్నడు, ఆ తరువాత ముగ్గురు గుండనలు, ఎర్రడు, పిండి గుండన, ఆపై గరుడ బేతరాజు. ముగ్గురు గుండనలను ఆ శాసనకవి ముగ్గురు రాములతో, అంటే పరశురాముడు, దశరథరాముడు, బలరాములతో పోల్చాడు. ఆ ముగ్గురు గుండనల గురించి మనకు తెలిసింది ఆ పోలికకు మించి పెద్దగా లేదు.

ఇప్పుడు అంతకు సుమారు రెండున్నర శతాబ్దాల ముందుకు వెళ్ళండి. తూర్పు చాళుక్య దానార్ణవుడు 956లో వేయించిన మాంగల్లు తామ్రశాసనం ఉంది. కాకర్త్య గుండ్యన విన్నపం మీద దొమ్మన అనే బ్రాహ్మణుడికి చేసిన దానం అది. దానిలో గుండ్యన పూర్వులను ఇలా చెప్పారు: గుండియ రాష్ట్రకూట, అతని కొడుకు ఎరియ రాష్ట్రకూట, అతని కొడుకు బేతియ, బేతియకు వంద్యనాంబ వల్ల పుట్టినవాడు గుండ్యన. ఈ గుండ్యననే బయ్యారం శాసనంలోని పిండి గుండనగా, ఎరియను ఎర్రనగా చరిత్రకారులు గుర్తించారు.

రెండు వరుసలనూ పక్కపక్కన రాసి చూడండి. మాంగల్లులో ఎరియకు, గుండ్యనకు మధ్య బేతియ ఉన్నాడు. బయ్యారంలో లేడు. వంద్యనాంబ కూడా లేదు. గుండ్యన బతికి ఉండగా, అతని విన్నపం మీదే రాసిన శాసనానికి అతని తండ్రి పేరు తప్పుగా తెలిసే అవకాశం తక్కువ. కనుక జారిపోయింది బయ్యారంలోనే. బేతియ పేరు నిలబెట్టుకునేంత పని చేయలేదేమో. అధికారంలోకి రాకముందే పోయాడేమో. లేదా మైలాంబ నాటికి ఇంట్లో అతని జ్ఞాపకమే లేదేమో. ఈ మూడింటిలో ఏదో తేల్చే ఆధారం లేదు కనుక తేల్చకూడదు. పరీక్షలో కూడా "బేతియ అసమర్థుడు" అని రాయకండి. వంశావళిలో లేకపోవడం అసమర్థతకు రుజువు కాదు.

ఇలా వదిలేయడం మన కవులకే చెల్లిందనుకోకండి. కొత్త నిబంధనలో మత్తయి యేసు వంశావళిని పద్నాలుగేసి తరాల మూడు భాగాలుగా రాశాడు. అందులో యెహోరాము తరువాత నేరుగా ఉజ్జియా వస్తాడు. రాజుల గ్రంథాలు చూస్తే మధ్యలో అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులు ఉన్నారు. మూడు పద్నాలుగులు కుదరాలంటే ముగ్గురు తగ్గాలి. మత్తయి లెక్కకు పద్నాలుగు కావాలి, బయ్యారం కవి పోలికకు ముగ్గురు కావాలి. గుండనలు ముగ్గురూ నిజంగా ఉన్నారా, ఒకరిద్దరు పోలిక కోసం చేరారా అన్న అనుమానం నాకు ఏనాటినుంచో ఉంది. రుజువు లేదు కనుక పాఠ్యపుస్తకంలో ముగ్గురూ ఉంటారు. మీరు చదివేటప్పుడు మాత్రం ఆ మూడు అంకె పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకోండి.

ఇంకొక పేరు కూడా జారింది. రెండో బేతరాజు తరువాత రెండో ప్రోలరాజు అని వరుస చదువుతాం. కాజీపేట దర్గా శాసనం వల్ల బేతరాజుకు దుర్గరాజు అనే పెద్దకొడుకు ఉన్నాడనీ, అతనూ అధికారం నెరపాడనీ తెలిసింది. తరువాతి రాజులందరూ ప్రోలరాజు సంతతి. వారు తమ తండ్రి తాతలను చెప్పుకున్నారు, పెద్దతాతను చెప్పుకోలేదు. మీ ఇంటి విరాసత్ కాగితంలో లేని పెద్దనాన్న గుర్తుకు వస్తున్నాడా?

ఆడవారి మీదుగా సాగిన గీత

కాకతీయ వంశవృక్షాన్ని ఇప్పుడు కింది నుంచి పైకి చదవండి. చివరివాడు ప్రతాపరుద్రుడు. అతని తల్లి ముమ్మడమ్మ. ఆమె తల్లి రుద్రమదేవి. ఆమె తండ్రి గణపతిదేవుడు. గణపతిదేవుడికి కొడుకులు లేరు. రుద్రమకూ లేరు. కనుక వరుసగా రెండు తరాలు గీత ఆడవారి మీదుగానే సాగింది. రుద్రమ పాలించింది కనుక ప్రసిద్ధురాలు. అయినా ఆమెను చాలా శాసనాలు రుద్రదేవ మహారాజు అనే వ్యవహరించాయి. పేర్ల జాబితా మాత్రమే మిగిలి ఉంటే ఆమెను మగవాడనే అనుకునేవాళ్ళం. ముమ్మడమ్మ పాలించలేదు. మహాదేవుని భార్యగా, ప్రతాపరుద్రుని తల్లిగా పుస్తకాల్లో ఒక్క వాక్యం దాటదు. రుద్రమ మనుమడిని దత్తత చేసుకోవడంతో కాగితం మీద ముమ్మడమ్మ అవసరం కూడా తగ్గింది. అయినా ఆ ఒక్క పేరు తీసేస్తే కాకతీయుల ఆఖరి రాజు గాలిలో వేలాడతాడు. షేషాను కూతురి విషయంలో ఆమె పేరు కూడా మిగలలేదు. దాసుడైన భర్త పేరు మిగిలింది.

అంతకు ముందరి ముచ్చట ఒకటుంది. గరుడ బేతరాజును నిలబెట్టడంలో విరియాల కామసాని చేసిన సాయం గురించి మీరు చదివే ఉంటారు. ఆమె చాళుక్య చక్రవర్తి దగ్గరకు వెళ్ళి బేతరాజు పక్షాన మాట్లాడి పని సాధించింది. ఈ సంగతి మనకు తెలిసింది కాకతీయుల ప్రశస్తుల వల్ల కాదు. విరియాలవారి గూడూరు శాసనం వల్ల. సాయం పొందినవారు మరచిపోయినా సాయం చేసినవారు రాయించుకున్నారు. అందుకే ఒక వంశం కథ తెలుసుకోవాలంటే పక్క వంశం శాసనం తెరవమని నేను విద్యార్థులకు చెబుతుంటాను.

రాతి మీదే కాదు, నోటి మీద నిలిచిన వంశావళులూ మనకున్నాయి. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, కాపులకు పిచ్చకుంట్లవారు కులం పుట్టుక, గోత్రాలు, పెద్దల పేర్లు చెప్పేవారు. వారికి ఊరూరా ఇంత ధాన్యం, ఇంత డబ్బు అని ఆనవాయితీ ఉండేది. ఎవరి పేరు ఎంతసేపు చెప్పాలన్నది కొంతవరకు ఎవరు ఎంత పెట్టారన్న దాని మీద ఆధారపడింది. మీ ఊళ్ళో ఇంకా చెప్పేవారు ఉంటే పటం సర్దేయకముందే వెళ్ళి వినండి. ఈ సంగతి మరో పాఠానికి వదిలేస్తున్నాను.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నగారు పోయినప్పుడు మా ఇంటి వంశవృక్షం కాగితాలు రాసే ఒకాయన గీశాడు. నేను చదివి సంతకం పెట్టాను. అప్పటికే నాకు డాక్టరేటు ఉంది. బేతియ పేరు బయ్యారంలో ఎందుకు లేదో తరగతిలో అరగంట చెప్పేవాణ్ణి. మా కాగితంలో నాన్న పేరు కింద రెండు గీతలు మాత్రమే ఉన్నాయి, నాకొకటి, మా తమ్ముడికొకటి. మా అక్కకు గీత లేదు. నేను గమనించలేదని చెబితే అబద్ధమవుతుంది. గమనించి, ఇది మామూలే కదా అనుకున్నాను. ఏళ్ళ తరువాత మా అక్క ఒక మాట అడిగింది: "ఆ కాగితంల నేను పుట్టనే లేదారా?" భూమి గురించి ఆమె ఎప్పుడూ అడగలేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి, ఇది చరిత్రలో భాగమే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం తండ్రి వాటాలో కూతురిని కూడా మొదటి తరగతి వారసురాలిగా గుర్తించింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. దేశమంతటికీ అలాంటి సవరణ 2005లో గాని రాలేదు. అయితే మన సవరణలో ఒక షరతు ఉండేది. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించేది కాదు. సెలోపెహాదు కూతుళ్ళకు చివరి అధ్యాయంలో వచ్చిన షరతు కూడా పెళ్ళి గురించే. రెండు వేల సంవత్సరాలకు పైగా తేడా ఉన్న రెండు సమాజాలు కూతురి హక్కును ఒప్పుకున్న వెంటనే పెళ్ళి దగ్గర ముడి వేయడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. భూమి ఇంటి బయటికి పోతుందన్న భయం రెండు చోట్లా ఒకటే.

మీరు చేయవలసిన పని

మీ కుటుంబ వంశవృక్షాన్ని నాలుగు తరాలకు రాయండి. మొదట ఇంట్లో ఉన్న కాగితం ప్రకారం ఒకటి, తరువాత ఇంట్లోని పెద్దావిడను అడిగి మరొకటి. రెండింటిలో తేడా వచ్చిన పేర్లను విడిగా రాసుకోండి. ఆ పేర్లను మూడో ఆధారంతో పోల్చండి. ఇక్కడ సమరయ పెంకులను గుర్తుంచుకోండి. వంశం చెప్పడానికి రాయని పత్రమే వంశాన్ని పరీక్షించడానికి మంచిది. పాత పహాణీ నకలు, బడి రిజిస్టరులో పుట్టిన తేదీ, చర్చిలో బాప్తిస్మం పుస్తకం, దర్గా దగ్గరి సమాధి రాయి, ఏదైనా పనికివస్తుంది. చాలా ఇళ్ళలో దొరికేది, ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటి ఉంది: పెళ్ళిలో చదివింపులు రాసిన పుస్తకం. ఎవరు వచ్చారు, ఏం పెట్టారు అని తప్ప దానికి మరో ధ్యాస లేదు.

మా అమ్మానాన్నల పెళ్ళి నాటి పుస్తకం అటక మీద దొరికింది. చెదలు సగం తిన్నాయి. మిగిలిన సగంలో నాన్న వైపు దగ్గరి చుట్టాల వరుసలో, మా తాత అన్నదమ్ముల పేర్ల తరువాత, ఒక పేరు ఉంది: నర్సవ్వ, ఇత్తడి చెంబు ఒకటి. మా వంశవృక్షంలో నర్సవ్వ లేదు. మా అక్కకూ తెలియదు. ఆ వరుసలో రాశారంటే తాతకు అక్కో చెల్లెలో అయి ఉండాలని అక్క అంటుంది. అత్తవారింటి మీది పేరు కూడా పక్కన రాసి ఉండేదేమో, ఆ చివర చెదలు తిన్నది. వచ్చే నెల మా నాన్నగారి మేనమామ ఊరికి వెళుతున్నాం. అక్కడ తొంభై ఏళ్ళు దాటిన ఒకావిడ ఉందట. చెంబు మాత్రం మా ఇంట్లో ఇంకా ఉంది, అడుగున ఒక అక్షరం చెక్కి ఉంది.